పెళ్లితో వచ్చేది కాదు ‘ఓవా’

ప్రశ్న: టెన్నిస్‌లో షరపోవా, కుజ్నెత్సోవా, నవ్రతిలోవా, క్విటోవా అని ఎన్నో పేర్లు వింటుంటాం. వీళ్ల పేర్ల చివర ఈ ‘ఓవా’ ఏమిటి? పెళ్లయ్యాక చేరుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పెళ్లితో దీనికి సంబంధం లేదమ్మా. ఆడపిల్ల పుట్టగానే ఇంటిపేరు ఆ రూపంలోనే వస్తుంది.

2004లో యూఎస్ ఓపెన్ గెలిచిన స్వెత్లానా కుజ్నెత్సోవా పేరు చూడండి. రష్యన్‌లో ‘కుజ్నెత్స్’ అంటే కమ్మరి. ‘ఓవ్’ చేరిస్తే ‘కమ్మరివారి’ అని అర్థం. అది విశేషణం కాబట్టి లింగాన్ని బట్టి మారుతుంది: కొడుకు కుజ్నెత్సోవ్, కూతురు కుజ్నెత్సోవా. మన దగ్గర కమ్మరివారి అబ్బాయికీ అమ్మాయికీ ఇంటిపేరు ఒక్కటే; అక్కడి వ్యాకరణం అందుకు ఒప్పుకోదు. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు తీసుకున్నా అంతే. ఇవానోవ్ భార్య ఇవానోవా అవుతుంది. ఉక్రెయిన్‌లోని ‘ఎన్కో’, సెర్బియాలోని ‘ఇచ్’ పేర్లు మాత్రం స్త్రీలకైనా మారవు.

రష్యన్ పేర్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మధ్యలో వచ్చే తండ్రి పేరు. కుజ్నెత్సోవా తండ్రి అలెక్సాండర్, కాబట్టి ఆమె స్వెత్లానా అలెక్సాండ్రోవ్నా. గౌరవంగా పిలవాలంటే ఈ రెండూ కలిపి పలుకుతారు, ఇంటిపేరు అక్కర్లేదు. మాకు రష్యన్ నేర్పిన టీచరును మేమంతా అలాగే పిలిచేవాళ్లం. మన ‘గారు’లో ఉన్న మన్నన అందులో ఉంది.

స్వెత్లానా అన్న పేరుకూ ఒక కథ ఉంది. ‘స్వెత్’ అంటే వెలుగు. పాతకాలపు పేరులా వినిపిస్తుంది కానీ, ఇది కవుల సృష్టి. 1813లో అచ్చయిన జుకోవ్‌స్కీ గేయకథతో జనంలోకి వెళ్లింది. చర్చి పంచాంగంలో ఆ పేరుగల సాధ్వి లేకపోవడంతో బాప్తిస్మంలో పెట్టడం కుదరలేదు. విప్లవం తర్వాతే ఇంటింటా వినబడింది. 1926లో పుట్టిన కూతురికి స్టాలిన్ పెట్టింది ఈ పేరే.

నవ్రతిలోవా, క్విటోవా చెక్ పేర్లు. అక్కడ మగవారి ఇంటిపేరు ఉత్త నవ్రాతిల్. ‘ఓవా’ అంతా స్త్రీకే చేరుతుంది. చెక్ పత్రికలు జర్మనీ మాజీ చాన్సలర్ మెర్కెల్‌ను కూడా ‘మెర్కెలోవా’ అనే రాస్తాయి! ‘ఓవా’ వద్దనుకునే చెక్ మహిళ తాను విదేశంలో ఉంటున్నాననో, విదేశీయుణ్ణి పెళ్లాడాననో కారణం చూపించాల్సి వచ్చేది. 2022 జనవరి 1 నుంచి ఏ కారణమూ చెప్పకుండా మానుకోవచ్చు. తన పేరు తాను ఎంచుకోవడానికి స్త్రీ సంజాయిషీ చెప్పుకోవడం నాకెప్పుడూ అన్యాయంగానే అనిపించేది. ఆ సవరణ ఎంతో ముందే రావలసింది.