నిలకడ లేనిది అమ్మాయికా, ఆ టీమ్‌కా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీలో మూడేళ్లుగా చేస్తోంది. పని బాగా చేస్తుందని అందరూ అంటారు. కానీ ఏడాది క్రితం కొత్త మేనేజర్ వచ్చినప్పటి నుంచి మానేస్తానంటోంది. ఒక జీసీసీలో (విదేశీ కంపెనీ తన పనుల కోసం ఇక్కడ పెట్టుకున్న సొంత సెంటర్), ఒక స్టార్టప్‌లో ఆఫర్లు వచ్చేలా ఉన్నాయి. నేను రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని, సర్వీసంతా ఎంతోమంది పైఅధికారులతో సర్దుకుపోయాను. సంబంధాలు చూస్తున్న టైమ్‌లో ఉద్యోగం మారితే ఏమనుకుంటారో అని భయం. ఉన్నచోటే ఉండమనాలా, జీసీసీయా, స్టార్టప్పా, ఎంబీఏ చేయించాలా? – ఒక తండ్రి, ఖమ్మం

మాస్టారూ, నాలుగు దారులు రాసి ఏది మంచిదని అడిగారు గానీ మీ టెన్షన్ వాటి గురించి కాదు. పిల్లకి నిలకడ లేదని పెళ్లివారు అనుకుంటారేమో అని. అంతకంటే ముందు ఆ అనుమానం మీకే ఉన్నట్టుంది. అది తీసేయండి. మొదటి రెండేళ్లు ఏ గొడవా లేదు కదా. కంపెనీ అదే, పిల్లా అదే, మారింది మేనేజర్ ఒక్కడే.

నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో కంపెనీ ఎంత పెద్దదో ఉంటుంది, ప్యాకేజీ ఉంటుంది, పైనున్న మనిషి ఎలాంటివాడో ఒక్క ముక్క ఉండదు. మీ ఉత్తరంలోనూ లేదు. అసలు అమ్మాయిని అడిగారా? పిల్లలు నాతో చెప్పేవి మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి. క్లయింట్‌కి పంపే ప్రతి మెయిలూ ముందు ఆయనకి చూపించాలి, రాత్రి 11కి ‘ఒక్క ఐదు నిమిషాల కాల్’ అంటాడు, వారమంతా కూర్చుని తయారుచేసిన డెమోని క్లయింట్ ముందు తనే చేసినట్టు చెప్పుకుంటుంటే చేసిన పిల్ల మ్యూట్‌లో కూర్చుని వింటుంది, చివరికి రేటింగ్ దగ్గర ‘బెల్ కర్వ్‌లో కుదర్లేదమ్మా’ అంటాడు, అంటే టీమ్‌లో ఇంతమందికే మంచి రేటింగ్, ఇంతమంది కింద ఉండాల్సిందే అన్న లెక్క. ఇలాంటి చోట ముందు వెళ్లిపోయేది పని వచ్చినవాళ్లే, ఎందుకంటే బయట ఆఫర్లు వచ్చేది వాళ్లకే. వాళ్ల పని మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది, వాళ్లలో కాస్త చురుకైనవాడు ఆ తర్వాత పోతాడు.

మైక్రోసాఫ్ట్‌లోనూ చాలా ఏళ్లు ఇలాంటి ర్యాంకింగే నడిచింది. టీమ్‌లో అందరూ గట్టివాళ్లే అయినా కొందరిని కింద వెయ్యాల్సిందే. దాంతో మంచి ఇంజినీర్లు ఇంకో మంచి ఇంజినీరున్న టీమ్‌లోకి వెళ్లడానికే వెనకాడేవారు. 2013 నవంబరులో దాన్ని తీసేశారు. 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయిన మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల, అన్నీ తెలుసనుకునేవాళ్లు కాదు, నేర్చుకునేవాళ్లు కావాలని పదేపదే చెప్పారు. (ఆయన జీతం గురించి చెప్పుకున్నంతగా మనవాళ్లు ఇది చెప్పుకోరు.) గూగుల్ అయితే మేనేజర్లు అసలు అవసరమా అని ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ పేరుతో సొంత డేటానే తవ్వి చూసుకుంది. మంచి మేనేజర్‌కి ఎనిమిది లక్షణాలు తేలాయి. మొదటిది దగ్గరుండి నేర్పించడం, రెండోది ప్రతిదాంట్లో వేలు పెట్టకపోవడం. టెక్నికల్ పరిజ్ఞానం ఆ జాబితాలో చివరన ఉంది.

ఇదంతా మీకు తెలియంది కాదు. హెచ్ఎం పోరు పడలేక మంచి లెక్కల టీచరు దూరమైన ఊరైనా సరే కోరుకుని బదిలీ మీద పోవడం మీరు చూసే ఉంటారు. మీరు సర్దుకుపోయారు, నిజమే. మీకు బదిలీ ఉండేది, ఆ అధికారికీ ఉండేది, చివర్లో పెన్షన్ ఉంది. అమ్మాయికి అలాంటి భరోసా లేదు. మీ ఓపికని తన మీద రుద్దకండి.

అలాగని గట్టిగా మాట్లాడే ప్రతివాడూ చెడ్డ మేనేజర్ కాడు. కోడ్‌ని పదిసార్లు వెనక్కి పంపినా ఎందుకు పంపాడో కూర్చోబెట్టి చెప్పేవాడైతే వదలొద్దనే అంటాను. నవ్వుతూ పలకరిస్తూ ఏడాదంతా ఒకే పని చేయించేవాడి దగ్గర కూడా చురుకైనవాళ్లు ఉండరు. ఈ ఏడాదిలో కొత్తగా ఏం నేర్చుకున్నావు, నీ పని నీ పేరుతో పైకి వెళ్లిందా అని అమ్మాయిని అడగండి.

ఇక జీసీసీ. ఇప్పుడు ఎవరి నోట విన్నా ఇదే. దేశంలో 1,700కి పైగా ఉన్నాయి, జీతాలు సర్వీసెస్ కంటే మెరుగ్గానే ఉంటాయి. కానీ బోర్డు మీద అమెరికా బ్యాంకు పేరున్నా, మీ అమ్మాయి రోజూ జవాబు చెప్పుకోవాల్సింది గచ్చిబౌలిలో కూర్చున్న మనిషికి. ఆ మనిషి చాలాసార్లు ఇలాంటి సర్వీసెస్ కంపెనీ నుంచే, ఇవే అలవాట్లతో వచ్చి ఉంటాడు. పైగా కొన్ని సెంటర్లలో ఏం చెయ్యాలో తేల్చేది అక్కడ, చేసేది ఇక్కడ, ఆ రెండింటి మధ్య రాత్రి కాల్స్. ఇక్కడి మేనేజర్‌కే సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం లేకపోతే, టీమ్‌లో పిల్లలకి ఏం ఇస్తాడు? వద్దనడం లేదు, పేరు చూసి మాత్రం పంపకండి. స్టార్టప్‌లో ఫౌండరే మేనేజర్. మంచివాడైతే ఏడాదిలో బోలెడు నేర్పిస్తాడు, కాకపోతే చెప్పుకోవడానికి హెచ్‌ఆర్ కూడా ఉండకపోవచ్చు. ఎంబీఏ మాట ఎవరు ఎత్తారు, మీరా, అమ్మాయా? ఒక మేనేజర్‌ని తప్పించుకోవడానికి రెండేళ్లూ, పెద్ద ఐఐఎంలో అయితే 20 లక్షల పైనా పెట్టడం నాకు నచ్చదు.

ముందు అదే కంపెనీలో వేరే ప్రాజెక్టుకి ప్రయత్నించమనండి. కుదరకపోతే ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే రాజీనామా. నోటీసు సాధారణంగా 90 రోజులు ఉంటుంది, గొడవ పడకుండా పూర్తిచేసి రిలీవింగ్ లెటర్ తీసుకోవాలి. కొత్తచోట ఎవరి కింద పనిచెయ్యాలో ఆ మనిషితో అరగంట మాట్లాడించమని అడగాలి. ‘నాకంటే ముందు ఈ పని చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు’ అంటే ప్రమోషన్ వచ్చిందంటాడా, నీళ్లు నములుతాడా చూడమనండి. ఆ ప్రశ్నకే చిరాకు పడ్డాడంటే ఇంకేం అడగక్కర్లేదు.

సంబంధాల సంగతంటారా, 2022 జూన్ నాటికి అంతకుముందు ఏడాదిలో తమను వదిలి వెళ్లినవాళ్లు 28.4 శాతం అని ఇన్ఫోసిసే ప్రకటించింది. వాళ్లెవరికీ పెళ్లిళ్లు కాలేదా మాస్టారూ? మీరు చూస్తున్న అబ్బాయి సాఫ్ట్‌వేరే అయితే, ఈపాటికి అతనూ ఒక కంపెనీ మారే ఉంటాడు.