కొమ్ము మొద్దుబారేదాకా ఆగు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

రాజోలు దగ్గర పశువుల డాక్టరుగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం అబ్బాయ్. మందుల లెక్కలు నాకంటే నీకే బాగా తెలుసు. ముప్పై ఏళ్లు కాంపౌండరుగా పశువుల్ని పట్టుకున్నవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన ఆ పని గురించే రాస్తున్నా.

నేను చేరిన కొత్తలో దూడలకి కొమ్ములు పెరగకుండా మొగ్గలు కాల్చేటప్పుడు మత్తు ఇచ్చేవాళ్లం కాదు. నలుగురం మీదపడి నొక్కి పట్టేవాళ్లం. అలా కాల్చిన ఒక పెయ్య, ఆ తర్వాత నా సైకిల్ బెల్లు వినపడితే చాలు, గడ్డిమేటు వెనక్కి పోయి నక్కేది. పెద్దదై ఈనాక కూడా అంతే. తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు బాగుండదు.

నువ్వలా చెయ్యకు. కంటి చివర నుంచి కొమ్ము మొదలుకి వెళ్లే ఎముక అంచు కింద లిగ్నోకెయిన్ మత్తు సూది ఇచ్చాక పది నిమిషాలు ఆగు. "కానిచ్చెయ్యండి డాక్టరు గారూ, చేలో కూలీలు ఎదురుచూస్తున్నారు" అని రైతు తొందరపెడతాడు. అయినా ఆగు. పైరెప్ప వాలింది కదా అని మొదలెట్టకు. రెప్ప వాలినా కొమ్ము మొద్దుబారకపోవచ్చు. మొగ్గ చుట్టూ సూదితో గుచ్చి చూడు. దూడ తల విదిలించిందంటే మందు ఇంకా పట్టలేదన్నమాట.

ఆ మత్తు గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది సలుపు. పాలకి రాదు, చెవులు వేలాడేసి ఓ మూల నిలబడుతుంది. అందుకని నొప్పి మందు మెలోక్సికామ్ కాల్చకముందే ఇచ్చెయ్. మెడికల్ షాపులో మనుషులకిచ్చే డైక్లోఫెనాక్ తెచ్చి పొడవమనేవాళ్లు ఉంటారు, ఒప్పుకోకు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకి నిషేధించారు.

పెద్ద పశువుని బోనులోకి తోలేటప్పుడు అరుపులు మాన్పించు. దాని జత పశువుని ఎదురుగా నిలబెట్టు, సగం బెదురు పోతుంది. తోక మెలితిప్పనివ్వకు, ఎముక విరుగుతుంది. వైద్యానికి తాడుతో కింద పడెయ్యక తప్పదనుకుంటే ముందురోజు నుంచే మేత ఆపించు. నిండు కడుపుతో పక్కకి పడుకోబెడితే ఉబ్బరం వచ్చి ఊపిరాడదు. చూడి పశువుని మాత్రం పడెయ్యకు, నిలబెట్టే ఏదో దారి చూడు.

కాళ్లు కట్టి గుంజడం మొరటు పని. మెడకి బిగుసుకోని ముడి వేసి, భుజాల వెనక ఒక చుట్టు, పొదుగుకి ముందు ఒక చుట్టు తిప్పి, తాడుని నిదానంగా వెనక్కి లాగు. దానంతటదే కూలబడుతుంది. మన నేల వానాకాలం ఎంత జారుతుందో నీకు తెలుసు కదా, కింద ఎండుగడ్డి మందంగా పరిపించు. తల మీద ఒక మనిషి నెమ్మదిగా ఆనుకుంటే చాలు, మెడ మీద మోకాలు పెట్టనివ్వకు. పనవగానే బోర్లా కూర్చోబెట్టు.

నైలాన్ తాడు వద్దు, చర్మం ఒలిచేస్తుంది. మా అటక మీద నూలు తాళ్లు నాలుగున్నాయి, వాడి వాడి మెత్తబడ్డాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

మీ పెదనాన్న