షరా గడి

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. నువ్వు గుణుపురంలో ఒక లాయరమ్మ దగ్గర దుబాసీగా చేరుతున్నావట, పత్తి చేలకు వెళ్లి కూలి డబ్బులు అందక తిరిగొచ్చిన సవర కూలీల కేసట. "అన్నయ్యా, దానికి నువ్వే చెప్పి మాన్పించు" అంది. సరే అన్నాను. మాన్పించను. ఫోన్ పెట్టేశాక మీ అత్తకి రెండుసార్లు చెప్పాను, మన పిల్ల కోర్టు కేసులో సవర భాషకి దుబాసీ అని. మూడోసారి మొదలుపెట్టేసరికి పప్పు మాడుతోందని లేచిపోయింది.

మీ అమ్మ పుట్టాసింగి బడిలో ఉద్యోగం చేసిన పుణ్యమా అని నీకా భాష వచ్చింది. నేను ముప్పై ఎనిమిదేళ్లు వకీలు గుమస్తాగా చేసి కూడా సవరలో "కూర్చో, తిన్నావా" దాటి పోలేదు. కాబట్టి పనిలో నువ్వు నాకంటే మెరుగే. నా భయమంతా నీ నోటి గురించి. చిన్నప్పుడు మీ తాతయ్య అటక మీద దాచిన బెల్లం సంగతి వీధి వీధంతా చెప్పొచ్చినదానివి నువ్వు.

ముందు ఒక కాగితం పని. నిన్ను ఈ కేసులో దుబాసీగా పెట్టుకున్నానని లాయరమ్మ చేత తేదీ వేయించి రాయించుకో. ఇది జీతం కోసం కాదు. కక్షిదారు తన వకీలుకి చెప్పుకున్న మాటలు, కక్షిదారు ఒప్పుకుంటే తప్ప, వకీలు బయటపెట్టకూడదు. పాత 1872 సాక్ష్య చట్టంలో 127వ సెక్షన్ ఆ కట్టుబాటునే దుబాసీకీ గుమస్తాకీ కూడా వేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదంతా 132వ సెక్షన్‌లోకి వచ్చింది. నువ్వు ఊరికే సాయం చేయడానికొచ్చిన అమ్మాయివే అయితే, రేపు ఎదుటి వకీలు నిన్ను బోనెక్కించి "వాళ్లు నీతో ఏమన్నారమ్మా?" అని అడిగితే ఆ సెక్షన్ నీకు అడ్డం వస్తుందన్న భరోసా లేదు. ఇంకోటి, ఎవరైనా ఇకముందు చేయబోయే నేరానికి సాయం అడుగుతూ చెప్పిన మాటకి ఈ రక్షణ వర్తించదు. అలాంటి మాట వినబడితే అక్కడే ఆపి లాయరమ్మని పిలువు.

ఫోన్‌కి లాక్ పెట్టుకో. ఫైలు టీ కొట్టు బల్ల మీద పెట్టకు. జిరాక్స్ నీ కళ్లెదుటే తీయించు, పాడైన కాపీ కూడా అడిగి తెచ్చుకో. ఇవన్నీ నీకు తెలుసు.

రైల్లో సంగతి మాత్రం నీకు తెలియదు. మనవాళ్లకి ఒక అలవాటుంది. కచేరీలో ఒడియా మాట్లాడి, గుట్టు సంగతి రాగానే గొంతు తగ్గించి తెలుగులోకి దిగుతాం, ఇక ఎవరికీ అర్థం కాదన్నట్టు. గుణుపురం పాసింజర్లో తెలుగు రానివాడు ఎవడమ్మా? ఆ బండి నౌపడా నుంచి నేరోగేజి మీద పొగ వదులుకుంటూ వచ్చే రోజుల నుంచీ ఈ ప్రాంతం గుట్లన్నీ అందులోనే బయటపడ్డాయి. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది, బల్లలు మెత్తబడ్డాయి, చెవులు అవే. సవరలో మాట్లాడితే సరి అనుకోకు, కూలీల్ని పనికి తోలుకుపోయే సర్దారుకి ఆ భాష నీకంటే బాగా వచ్చు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1983. ఢిల్లీలో ఆసియాడ్, అంటే ఆసియా క్రీడల కట్టడాలకు పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు తీర్పు అంతకుముందు సెప్టెంబరులోనే వచ్చింది. కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని. మా వకీలుగారు ఆ తీర్పు చదివి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. అప్పుడే కొండ మీది నుంచి ఇరవై ముగ్గురు వచ్చారు. సర్దారు దగ్గర దాదన్ తీసుకుని, అంటే ముందస్తు బాకీ పట్టి, కింద వరి చేలకు కోతలకు పోయినవాళ్లు. బాకీ తీరలేదని వాళ్లని ఎన్నాళ్లో కదలనివ్వలేదు. ఒక రాత్రి ఎలాగో బయటపడ్డారు.

వాళ్ల మాటలు రాసుకునే పని నాకు ఇచ్చారు. మూడు రాత్రులు మా వరండాలో లాంతరు పెట్టుకుని రాశాను. నా దస్తూరీ అంటే అప్పట్లో కోర్టులో పేరు. పొడుగు రిజిస్టరులో గడులు గీశాను. వరస సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఊరు, తీసుకున్న దాదన్, పనిచేసిన రోజులు, రావలసిన కూలి. ఇంకా కాస్త చోటు మిగిలింది. ఆ చివర ఒక గడి గీసి పైన "షరా" అని రాశాను, అంటే విడిగా రాసుకునే వివరాలకని. ఆ గడి గీయమని నాకెవరూ చెప్పలేదు.

అందులో ఏం రాశానో చెప్పనా? ఒకామె తల్లి మందుల కోసం మొగుడికి తెలియకుండా సర్దారు దగ్గర విడిగా నలభై రూపాయలు తీసుకుందని రాశాను. ఒక కుర్రాడు వయసు పద్దెనిమిది చెప్పాడు గానీ నిజానికి పద్నాలుగేనని రాశాను. మరొకతను ఇంకో సర్దారుకీ బాకీ ఉన్నాడని రాశాను. పదిహేడో వరసలో, ఆ రాత్రి వాళ్లని ఎడ్లబండిలో గడ్డి కింద దాచి పొలిమేర దాటించినవాడు ఆ చేల రైతు దగ్గరి పాలేరేనని, పేరుతో సహా రాశాను. చెప్పినతను నా చెయ్యి పట్టుకుని "వాడి పేరు వద్దు బాబూ" అన్నాడు. సరే అని తల ఊపుతూనే రాశాను. రుజువు గట్టిగా ఉంటుందనుకున్నాను.

దరఖాస్తుకి కూలీల జాబితా జత చేయమన్నారు వకీలుగారు. నేను రిజిస్టరు ఉన్నది ఉన్నట్టు, షరాతో సహా, మూడు కార్బన్లు పెట్టి ఎత్తి రాశాను. అనుబంధం 'ఎ' అని ఎర్ర సిరాతో గీత కొట్టాను. ఆయన నా మీద నమ్మకంతో చూడకుండానే సంతకం పెట్టారు. అమ్మలూ, దావాలో మనం దాఖలు చేసిన ప్రతి కాగితానికీ ఒక నకలు ఎదుటివాళ్లకి ఇచ్చి తీరాలి. ఆ నకలు నేనే సైకిలు మీద పట్టుకెళ్లి వాళ్ల వకీలుకి అందించి రసీదు తెచ్చాను. దొంగతనం ఏమీ జరగలేదు.

తర్వాతి వాయిదాకి తొమ్మిదిమంది వచ్చారు. నలభై రూపాయలామె రాలేదు. ఆమెని మొగుడు ఏం చేశాడో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వకీలుగారు ఫైలు తిరగేసి ఆ గడి మీద వేలు పెట్టి, "ఇది ఎవరు గీయమన్నారయ్యా?" అని ఒక్క మాట అన్నారు.

పాలేరు మాత్రం వచ్చాడు. చెవి మీద కట్టు ఉంది, పని పోయింది. తిడతాడనుకున్నాను. మీ అత్త ఇచ్చిన మంచినీళ్లు తాగి, చాలాసేపు కూర్చుని, "బాబూ, నా పేరు రాశారంట గదా, ఒకసారి చూపిస్తారా" అన్నాడు. చదువు రాదు. తన పేరు కాగితం మీద ఎప్పుడూ చూడలేదట. నా కార్బన్ కాపీ తెచ్చి పదిహేడో వరస చూపించాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుని, "ఇంత చిన్నగా ఉందే" అని వెళ్లిపోయాడు.

ఇందులో నన్ను ఇప్పటికీ పీకేది, ఆ గడి అసలు అక్కర్లేదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇది వెట్టి బాకీ అని కూలీ అంటే, కాదని నిరూపించుకోవలసిన భారం బాకీ ఇచ్చినవాడిదే. మన ఇంటి గుట్లన్నీ పరిచి మనం గెలవనక్కర్లేదు. సబ్-కలెక్టరు విచారణలో ఏ ఒక్కరూ ఆ నలభై రూపాయలామె తల్లి జబ్బు గురించి అడగలేదు.

కాబట్టి నీ దగ్గర రెండు పుస్తకాలు ఉండాలి. ఒకదానిలో పేర్లు లేకుండా వరస సంఖ్యలతో మాటలు. పేర్లూ ఊళ్లూ వేరే పుస్తకంలో, అది లాయరమ్మ బీరువాలో. కోర్టుకి పోయే కాగితంలో ప్రతి వాక్యం దగ్గరా ఆవిణ్ని అడుగు, ఇది ఎదుటివాడు చదివినా పర్వాలేదా అని. విసుక్కుంటుంది. విసుక్కోనీ. కేసు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తే 15-ఎ సెక్షన్ కింద సాక్షుల పేర్లూ చిరునామాలూ బయటి రికార్డుల్లో కనపడకుండా ప్రత్యేక కోర్టుని అడగొచ్చు. ఇప్పుడు ఆర్డర్లన్నీ ఇంటర్నెట్‌లో పెడుతున్నారు గనక అది ముందే గుర్తుచెయ్యి. పిల్లలు ఉంటే ఫోటో తీయకు, తీసిందెవరైనా పత్రికలకి ఇవ్వనీయకు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అందుకే ఉంది.

ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకు, అన్నదమ్ములైనా సరే. ఈ తప్పు మంచివాళ్లే చేస్తారు, ధైర్యం చెబుదామని.

ఫోన్ సంగతులు నాకంటే మనవడికి ఎక్కువ తెలుసు. వాడు చెప్పింది రాస్తున్నాను. ఆధార్ కాపీ కావాలంటే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోమన్నాడు. కూలీల వాట్సాప్ గ్రూపులో కేసు మాట ఎత్తొద్దన్నాడు, ఎవడి ఫోన్ ఎవడి చేతిలో ఉందో. ఇది మాత్రం నా మాట: సర్దారు పంపిన బెదిరింపు మెసేజీలు, లెక్కల ఫోటోలు భయంతో తుడిచేయనీయకు. గుట్టు దాచడం వేరు, రుజువు చెరపడం వేరు. ఆ ఫోన్ యథాతథంగా ఉంటేనే రేపు కోర్టులో దానికి సర్టిఫికెట్ ఇవ్వగలరు.

మీ అమ్మకి రోజూ ఫోన్ చెయ్. తిన్నావా అంటే తిన్నానని చెప్పు, కేసెలా ఉందంటే వాయిదా పడిందని చెప్పు. సగం రోజులు అది నిజమే అవుతుంది. రాత్రిపూట కొండ దిగిరావద్దు, ఎవరింట్లోనైనా పడుకో. నీకు ఏదైనా జరిగితే కేసులూ కోర్టులూ నాకు అక్కర్లేదు. ఈ మాట గుమస్తా అనకూడదు, మావయ్య అనొచ్చు.

వచ్చే ఆదివారం పాసింజర్‌కి రా. మీ అత్త నీకోసం ఇప్పటికే చింతచిగురు ఎండబెట్టి ఉంచింది. కేసు కాగితాలు మాత్రం తేకు. భోజనాలయ్యాక నేను వరండాలోకి పిలిచి, ఎంతమంది, ఏ ఊరివాళ్లు అని మెల్లగా అడుగుతాను. నా సంగతి నాకు తెలుసు, అడగకుండా ఉండలేను. చెప్పకు.

మీ పెద్ద మావయ్య