వేడెక్కాక ఆగిపోయే చైన్‌సా: కార్బొరేటర్ మార్చే ముందు తోటలోనే చూడాల్సినవి

మీరు చెప్పినదాన్ని బట్టి మీ చైన్‌సా, అంటే చెట్లు కోసే మోటారు రంపం, 58 సీసీ మిషన్. పొద్దున చాలాసార్లు తాడు లాగితే గాని స్టార్ట్ కావడం లేదు. ఓ 10 నిమిషాలు కోశాక పవర్ తగ్గి ఆగిపోతోంది, అరగంట వదిలేస్తే మళ్లీ నడుస్తోంది. ప్లగ్గు కొత్తది వేశారు, మెకానిక్ కార్బొరేటర్ మార్చాలంటున్నాడు. దయచేసి ఇప్పుడే మార్చకండి.

మాది ఒడిశాలోని గుణుపురం. రాయగడ జిల్లాలో నీలగిరి తోటల కటింగ్ చేయిస్తుంటాను. ఆ కర్ర ఎక్కువగా జేకేపూర్ పేపర్ మిల్లుకే పోతుంది. మిషన్లు నేనే విప్పుకుంటాను, ఎందుకంటే చిన్న పార్టు కావాలన్నా ఒక్కోసారి పార్వతీపురమో బరంపురమో పరిగెత్తాలి, ఈలోగా కూలీలు ఖాళీగా కూర్చోవాలి.

ఇలాంటి ట్రబుల్ షాపులో బల్ల మీద దొరకదు. అక్కడికి తీసుకెళ్లేసరికి మిషన్ చల్లారిపోతుంది, రెండు లాగులకే స్టార్టవుతుంది. మెకానిక్‌కి కనబడేదేమీ ఉండదు కాబట్టి కార్బొరేటర్ మీదకి పోతాడు. మిషన్ ఎక్కడ ఆగిందో అక్కడే, వేడి మీదే చూడాలి. రేపు తోటకి వెళ్లేటప్పుడు ప్లగ్గు రెంచి, ఒక స్పేర్ ప్లగ్గు, పొడి గుడ్డ వెంట తీసుకెళ్లండి.

ఆగిన వెంటనే పెట్రోల్ ట్యాంకు మూత మెల్లగా వదులు చేయండి. ఒక్కసారిగా తిప్పేయకండి, వేడికి లోపల ప్రెషర్ ఉంటే పెట్రోలు పైకి చిమ్ముతుంది. దగ్గర్లో బీడీ, చుట్ట ఏదీ ఉండకూడదు. మూత వదులవగానే గాలి సుయ్‌మని లోపలికి పోయి, మూత మళ్లీ బిగించి లాగితే మిషన్ లేచిందంటే, ట్యాంకులోకి గాలి వెళ్లే దారి పూడిపోయినట్టే. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే కార్బొరేటర్ ఎంత గుంజినా పెట్రోలు అందదు. అరగంట వదిలేస్తే గాలి సన్నగా దూరి మళ్లీ నడుస్తుంది. మీరు చెప్పిన లక్షణం దీనికి బాగా సరిపోతోంది. రంపపు పొట్టు, ఆయిలు జిడ్డు కలిసి ఆ చిన్న వాల్వును మూసేస్తాయి. అది చాలా చవక పార్టు, కడిగితే పనిచేయవచ్చు, లేకపోతే మార్చేయండి. మూతకి మేకుతో రంధ్రం కొట్టేవాళ్లను మా వైపు చూశాను. అది మాత్రం వద్దు. మిషన్ పక్కకి వాల్చినప్పుడు పెట్రోలు కారి వేడి సైలెన్సర్ మీద పడుతుంది.

మూతతో తేడా రాకపోతే ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే ఇంజనుకి పెట్రోలు రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ చూడాలి. మూత బిగించి, పెట్రోలు వాసన పోయేదాకా ఆగి, స్పేర్ ప్లగ్గును క్యాప్‌కి తగిలించండి. దాని ఇనుప భాగాన్ని సిలిండర్‌కి ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టి తాడు లాగండి. వేడిగా ఉన్నప్పుడు స్పార్క్ రాక, చల్లారాక వస్తుంటే ఇగ్నిషన్ కాయిల్, అంటే స్పార్క్ పుట్టించే పార్టు, పోతున్నట్టు. కాయిల్ వేడెక్కితేనే లోపల తెగుతుంది, అందుకే షాపులో దొరకదు. కొత్తది బిగించేటప్పుడు ఫ్లైవీల్‌కి (ఇంజనుతో పాటు తిరిగే అయస్కాంతాల చక్రానికి), కాయిల్‌కి మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉంచాలి. మందపాటి విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి బిగిస్తే సరిపోతుంది.

ప్లగ్గు పొడిగా ఉంటే ట్యాంకులోని ఫిల్టర్‌ని వంగిన తీగతో బయటికి లాగి చూడండి. నల్లబడి గట్టిపడితే మార్చండి. ఆ పైపు ట్యాంకు గోడలోంచి దూరే చోట పగులుతుంది, పైకి కనబడదు. ప్రైమర్ బల్బు (పెట్రోలు ఎక్కించడానికి వేలితో నొక్కే రబ్బరు బుడ్డి) ఎంతసేపు నొక్కినా బుడగలు ఆగకపోతే గాలి గుంజుతోందని అర్థం. పొద్దున కష్టపడి స్టార్టవడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

ఇక పెట్రోలు విషయం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చాలా చైన్‌సా కంపెనీల మాన్యువల్స్ 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది. వానాకాలంలో సగం నిండిన డబ్బాలో నిలవ ఉంచితే నీళ్లు, ఇథనాల్ కలిసి కింద ఒక పొరగా దిగిపోతాయి. ఫిల్టర్ ఉండేది ట్యాంకు అడుగునే కదా, ముందు గుంజేది ఆ నీళ్ల పొరనే. పెట్రోల్లో కలిపే టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది, అంటే పిస్టన్‌కి ఆయిలు అందదు. స్టార్ట్ కాకపోవడం కన్నా ఇది పెద్ద ప్రమాదం. మీ డబ్బాలోది గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనబడితే ఆ పెట్రోలు మిషన్లో పోయకండి. ఇథనాల్‌కి కార్బొరేటర్‌లోని డయాఫ్రమ్, అంటే పెట్రోలు గుంజే పల్చటి పొర, కూడా గట్టిపడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పర్లాకిమిడి వైపు రోడ్ల మీద చెట్లు తీయడానికి చాలామంది మూలన పెట్టిన మిషన్లు బయటికి తీశారు. నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ వాటికి పాత పెట్రోలే జబ్బు. ట్యాంకు కడిగి తాజా పెట్రోలు పోస్తే కొన్ని అప్పటికప్పుడే లేచాయి.

పెట్రోలు, టూటీ ఆయిల్ రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కలుపుకోండి. పెట్రోలు 25 పాళ్లకు ఆయిలు ఒక పాలు, అంటే 25:1 అయితే లీటరుకు 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. మీ మాన్యువల్లో ఏది ఉంటే అదే. టూటీ బదులు బైకు ఇంజన్ ఆయిల్ వద్దు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు కార్బొరేటర్. అప్పుడు కూడా ముందు డయాఫ్రమ్ కిట్ వేసి, లోపలి చిన్న జాలీ కడిగి చూడండి. దాని స్క్రూలు తిప్పి ట్రబుల్‌ని సర్దుకోవాలని మాత్రం చూడకండి. హెచ్ స్క్రూ (ఎక్కువ స్పీడులో పెట్రోలు ఎంత పోవాలో సర్దేది) ఎక్కువ బిగిస్తే పెట్రోలు, దాంతోపాటు ఆయిలు తగ్గి పిస్టన్ పట్టేస్తుంది.

ఒక మాట మర్చిపోయాను. మిషన్ స్విచ్ ఆపి, స్టార్టర్ తాడు పట్టుకుని గాల్లో వేలాడదీయండి. మెల్లగా, ఆగి ఆగి దిగితే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే బలం, ఉన్నట్టే. సర్రున జారిపోతే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు, కార్బొరేటర్ మార్చినా ఉపయోగం ఉండదు.

రేపు ఆగినప్పుడు మూత వదులు చేస్తే ఏమైంది, ప్లగ్గు తడిగా ఉందా పొడిగా ఉందా, ఈ రెండూ రాయండి. మిగతాది అది చూసి చెప్తాను.