పెళ్లి వీడియోల బ్యాకప్: డీప్ ఆర్కైవ్‌లో ఏవి పెట్టాలి, ఏవి పెట్టకూడదు

మీ ప్రశ్న టూకీగా ఇదీ: స్టూడియోలో కొన్నేళ్లుగా తీసిన పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు కలిపి 8 టీబీ దాకా అయ్యాయి. అన్నీ అమెజాన్ క్లౌడ్ స్టోరేజీ అయిన ఎస్3లో, స్టాండర్డ్ అనే మామూలు రకంలో ఉన్నాయి, నెలనెలా బిల్లు బరువవుతోంది. మొత్తాన్ని, అరుదుగా తీసే ఫైళ్ల కోసం అక్కడే ఉన్న చౌక రకమైన గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌కి మార్చేస్తే ఎలా ఉంటుంది?

మొత్తం మార్చకండి. చాలా భాగం మార్చొచ్చు, మార్చాలి కూడా. కానీ ఏది మార్చాలో తేల్చుకునేటప్పుడు నెల బిల్లు ఎంత తగ్గుతుందో ఒక్కటే చూస్తే చాలదు. మళ్లీ కావాల్సొస్తే ఎంతసేపట్లో, ఎంత ఖర్చుతో చేతికొస్తుందో ముందు చూడాలి. నేను రాజమండ్రిలో ఒక పెళ్లి ఫొటోల స్టూడియోకీ, మరికొన్ని చిన్న ఆఫీసులకీ బ్యాకప్‌లు చూసుకుంటాను. అక్కడ గమనించినవే చెబుతున్నాను.

ముందు డబ్బు సంగతి. అమెరికాలోని వర్జీనియా రీజియన్ (అమెజాన్ డేటా సెంటర్లున్న ప్రాంతం) ధరల ప్రకారం స్టాండర్డ్‌లో జీబీకి నెలకి 0.023 డాలర్లు, డీప్ ఆర్కైవ్‌లో 0.00099 డాలర్లు. మీ 8 టీబీకి మొదటిదాంట్లో సుమారు 184 డాలర్లు, రెండోదాంట్లో 8 డాలర్ల లోపు. ముంబై రీజియన్‌లో రేట్లు ఇంకాస్త ఎక్కువ, పైన 18 శాతం జీఎస్టీ పడుతుంది. అయినా తేడా అక్కడా భారీగానే ఉంటుంది. ఈ అంకెలు చూశాక అంతా అటే తోసేయాలనిపించడం సహజమే.

ఇప్పుడు వెనక్కి తెచ్చుకునే లెక్క చూడండి. మీ దగ్గరున్న హార్డ్ డిస్కులన్నీ పోయాయనుకుందాం. డీప్ ఆర్కైవ్ నుంచి బల్క్ అనే నెమ్మదైన, చౌకైన పద్ధతిలో బయటికి తీయడానికి జీబీకి 0.0025, అంటే మొత్తానికి 20 డాలర్లే. కానీ అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా మీ స్టూడియోకి దించుకోవడానికి, నెలకి ఉచితంగా ఇచ్చే 100 జీబీ పోను, జీబీకి 0.09 డాలర్లు. అది 711 డాలర్లు. ఒక్కసారి మొత్తం దించుకుంటే, ఏడేళ్లకు పైగా దాచడానికి అయ్యే ఖర్చు అందులోనే పోతుంది. చాలామంది ఈ బయటికి తీసే (రిట్రీవల్) ఛార్జీ చూసి భయపడతారు గానీ అసలు దెబ్బ డౌన్‌లోడ్ దగ్గర తగులుతుంది. స్టాండర్డ్‌లో ఉంచినా ఈ డౌన్‌లోడ్ ఖర్చు తప్పదు.

అందుకే క్లౌడ్ కాపీని అన్నీ పోయినప్పుడు వాడే ఆఖరి కాపీగానే చూడాలి. మామూలు అవసరాలకి స్టూడియోలో ఒక కాపీ, మీ ఇంట్లో ఇంకో కాపీ డిస్కుల మీద ఉండి తీరాలి. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట అనే 3-2-1 పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరే. మన పనికి అది సరిగ్గా సరిపోతుంది. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు. క్లౌడ్‌లో ఉంది కదా అన్న ధీమా ఒక్కటే చాలదండి.

ఇక సమయం. డీప్ ఆర్కైవ్‌లో ఉన్న ఫైలు మీద డౌన్‌లోడ్ నొక్కితే రాదు, 'ఇన్‌వాలిడ్ ఆబ్జెక్ట్ స్టేట్' అని ఎర్రర్ ఇస్తుంది. ముందు రీస్టోర్ అడగాలి. రీస్టోర్‌లోనూ స్టాండర్డ్ అనే పద్ధతి ఒకటుంది, అందులో అయితే 12 గంటల్లోపు, బల్క్‌లో అయితే 48 గంటల్లోపు ఒక తాత్కాలిక కాపీ తయారవుతుంది. అది ఎన్ని రోజులు ఉండాలో మీరే చెప్పాలి, అన్ని రోజులూ ఆ కాపీకి ఎస్3 స్టాండర్డ్ స్టోరేజీ రేటు పడుతుంది.

ఇదెందుకు ముఖ్యమో చెబుతాను. ఒకసారి మా స్టూడియోకి రాత్రి తొమ్మిది దాటాక ఫోనొచ్చింది. కొన్నేళ్ల కిందట అక్కడ అమ్మాయి పెళ్లి తీయించుకున్న కుటుంబం. ఇంటి పెద్దాయన పోయారు. పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలి, ఆయన ఒక్కరే ఉన్న మంచి ఫొటో ఇంట్లో లేదు. కన్యాదానం అయ్యాక ఆయన మండపం పక్కన కుర్చీలో కూర్చుని నవ్వుతుండగా తీసిన ఫొటో ఒకటి ఉండాలని వాళ్లకి గుర్తు. పొద్దున్నే ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి ఇవ్వాలి. ఎడిట్ చేసిన ఫొటోలన్నీ గ్లేసియర్ ఇన్‌స్టంట్ రిట్రీవల్ అనే, ఫైలు వెంటనే తెరుచుకునే ఇంకో రకంలో ఉన్నాయి కాబట్టి ఇంటి నుంచే ఫోల్డర్ తెరిచి, వెతికి, ఆ రాత్రే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపేశాం. అదే డీప్ ఆర్కైవ్‌లో ఉండుంటే పొద్దుటికి అందుతుందో లేదో వాళ్లకి మాట ఇవ్వలేకపోయేవాళ్లం.

పెళ్లి ఫొటోల పనిలో పాత ఫైళ్లు ఇలాగే కావాల్సొస్తాయి. ఏళ్ల తరబడి ఎవరూ అడగరు, అడిగినప్పుడు మాత్రం అప్పటికప్పుడు కావాలి. పైగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఎడిట్ చేసిన ఫొటోలు, ఫైనల్ వీడియో, ఆల్బమ్ షీట్లే. కెమెరా కార్డుల నుంచి దించిన రా ఫుటేజ్ ఎవరైనా అడగడం చాలా అరుదు, అడిగినా రెండు రోజులు ఆగుతారు.

కాబట్టి నేనైతే ఇలా విడగొడతాను. ఆల్బమ్ ఇంకా డెలివరీ కాని పెళ్లిళ్లు స్టాండర్డ్‌లోనే. డెలివరీ అయినవాటిలో ఫైనల్ వీడియోలు, జేపెగ్‌లు, ఆల్బమ్ డిజైన్లు ఇన్‌స్టంట్ రిట్రీవల్‌లో. అక్కడ నెలకి జీబీకి 0.004 డాలర్లు, తీసినప్పుడు ఇంకో 0.03, ఫైలు మాత్రం స్టాండర్డ్‌లో లాగే వెంటనే తెరుచుకుంటుంది. రా ఫుటేజ్ అంతా డీప్ ఆర్కైవ్‌లో. మీ 8 టీబీలో డెలివరీ కానివి పక్కన పెట్టి, ఒక టీబీ ఇన్‌స్టంట్‌లో, ఏడు డీప్‌లో అని వేసుకుంటే నెలకి 11 డాలర్ల దగ్గర తేలుతుంది. మొత్తం డీప్ ఆర్కైవ్‌లో పెట్టడం కంటే మూడు డాలర్లు ఎక్కువ. మధ్యలో గ్లేసియర్ ఫ్లెక్సిబుల్ అని ఇంకోటి ఉంది గానీ మీకు అక్కర్లేదు. ధర ఇన్‌స్టంట్‌కి దాదాపు సమానం, అయినా మామూలుగా గంటలు ఆగాలి.

'డీప్ ఆర్కైవ్‌లో పెడితే 180 రోజులు కట్టాల్సిందే, ముందే తీసేస్తే నష్టం' అని మీ ప్రశ్న కింద ఒకరు రాశారు. నియమం నిజమే, మీ రా ఫుటేజ్ విషయంలో భయం మాత్రం అక్కర్లేదు. ఒక టీబీకి ఆ ఆరు నెలల మొత్తం 6 డాలర్లు. అదే టీబీ స్టాండర్డ్‌లో ఒక్క నెల ఉంటే 23 డాలర్లు. రెండు నెలలకే తీసేసినా మీకు లాభమే.

ఆ నియమం నిజంగా కొట్టేది రోజూ మారే ఫైళ్లని. లైట్‌రూమ్ (ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) క్యాటలాగ్, ప్రాజెక్ట్ ఫైళ్ల బ్యాకప్ 50 జీబీ అనుకోండి. దాన్ని రోజూ డీప్ ఆర్కైవ్‌లో పాతదాని మీద కొత్తది రాస్తుంటే, చెరిపేసిన ప్రతి కాపీకీ 180 రోజుల అద్దె పడుతుంది. ఆరు నెలలు గడిచేసరికి 9 టీబీ దాచినంత బిల్లు. స్టాండర్డ్‌లో అయితే ఆ 50 జీబీకి నెలకి డాలరు పైచిలుకే.

రెస్టిక్ లాంటి డూప్లికేట్లు తీసేసే బ్యాకప్ టూల్ వాడుతుంటే, అది బ్యాకప్ దాచే చోటు (రిపాజిటరీ) మీద, ఫైళ్లని వాటంతటవే గ్లేసియర్‌కి మార్చే రూల్ పెట్టనే పెట్టకండి. పాత స్నాప్‌షాట్లు (ఒక్కో సారి తీసిన బ్యాకప్‌లు) తొలగించాలన్నా, సరిచూడాలన్నా ఆ టూల్ తాను దాచిన పాత డేటా ముక్కల్ని తెరిచి చదవాలి. చదవలేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక ఆఫీసులో అంతకుముందు చూసినవాళ్లు బకెట్ (ఎస్3లో ఫైళ్లన్నీ ఉండే డబ్బా) మొత్తానికి అలాంటి ఒకే లైఫ్‌సైకిల్ రూల్ పెట్టేశారు. ఇండెక్స్ ఫైళ్లతో సహా అన్నీ గ్లేసియర్‌లోకి పోయాయి, రాత్రి బ్యాకప్ నడవడం మానేసింది. రూల్ ఎప్పుడూ ఫోల్డర్ పేరుతో, అంటే ప్రిఫిక్స్‌తో పెట్టండి: రా వేరు, ఫైనల్ వేరు, క్యాటలాగ్ వేరు.

చిన్న ఫైళ్ల సంగతి కూడా చూసుకోండి. డీప్ ఆర్కైవ్‌లోకి మార్చడానికి ప్రతి వెయ్యి ఫైళ్లకీ 0.05 డాలర్లు. పెద్ద వీడియోలకి ఇది లెక్కలోకి రాదు. కెమెరా కార్డు ఫోల్డర్లలో వచ్చే ఎక్స్ఎంఎల్‌లు, థంబ్‌నెయిల్‌లు, ప్రివ్యూలు కలిసి పది లక్షలుంటే, వాటినీ విడివిడిగా అటు పంపితే 50 డాలర్లు అక్కడే పోతాయి. వాటిని టార్ ఫైలుగా, అంటే అన్నీ కలిపి ఒకే ఫైలుగా, కట్టి పంపండి. అయితే పెళ్లి మొత్తాన్ని ఒకే టార్ చేయొద్దు. రీస్టోర్ అడిగితే ఆ ఫైలు మొత్తం రావాల్సిందే, ఒక్క క్లిప్పు కోసం 400 జీబీ దించుకోవాల్సి వస్తుంది. మేం పెళ్లికూతుర్ని చేయడం, స్నాతకం, ముహూర్తం, తలంబ్రాలు, రిసెప్షన్ అని ఘట్టాల వారీగా, అందులో మళ్లీ కెమెరా వారీగా కడతాం. ఒక్కోటి 30 నుంచి 50 జీబీ లోపే ఉండేలా చూస్తాం, నెలవారీ ఉచిత 100 జీబీలో అలాంటివి రెండు దించుకోవచ్చు. ఏ టార్‌లో ఏ క్లిప్పులున్నాయో రాసిన జాబితా విడిగా స్టాండర్డ్‌లోనూ, మీ ల్యాప్‌టాప్‌లోనూ ఉంచండి. ఆ జాబితా లేకపోతే దేన్ని రీస్టోర్ చేయాలో కూడా తెలియదు.

సరిగ్గా వెనక్కి వస్తున్నాయో లేదో పరీక్షించడానికి మాకు ఆషాఢం అనుకూలం. ముహూర్తాలుండవు, కుర్రాళ్లకి ఎడిటింగ్ ఒత్తిడి తక్కువ. ఏదో ఒక పాత పెళ్లి నుంచి ఒక టార్ బల్క్‌లో రీస్టోర్ చేసి, దించి, చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) సరిచూసి, వీడియో ప్లే చేసి చూస్తాం. ఖర్చు నామమాత్రం. మీరూ ఏటా ఇది తప్పకుండా చేయండి. అలాగే బిల్లుకి ఇచ్చిన కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. బిల్లు కట్టక అకౌంట్ సస్పెండ్ అయితే ఏ రకం స్టోరేజీలో ఉన్నా ఫైళ్లు మన చేతిలో ఉండవు.

రూల్స్ జోలికి వెళ్లకముందు ఈ వారం ఒక పని చేయండి. బకెట్‌లో వెర్షనింగ్ (పాత కాపీల్ని కూడా ఉంచే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మీరు డిలీట్ చేశామనుకున్న పాత ఫైళ్లన్నీ ఇంకా బిల్లులో కూర్చుని ఉంటాయి. మధ్యలో ఆగిపోయిన అప్‌లోడ్ల ముక్కలూ అంతే, మామూలు లిస్టులో అవి కనబడవు. పాత వెర్షన్లనీ, ఈ ముక్కల్నీ కొన్ని రోజుల తర్వాత తొలగించే లైఫ్‌సైకిల్ రూల్ ముందు పెట్టండి. ఆ తర్వాత ఎన్ని ఫైళ్లున్నాయో, వాటిలో 128 కేబీ లోపు చిన్న ఫైళ్లు ఎన్నో ఇక్కడ రాయండి. ప్రిఫిక్స్‌లు ఎలా విడగొట్టాలో మీ ఫోల్డర్ల పేర్లతోనే రాసి ఇస్తాను.