టెక్ సందేహాలు: బండి కింద నూనె మరక.. స్కానర్ కొంటే తెలుస్తుందా?

ప్రశ్న: మాది జయపురం. 2007 నాటి డీజిల్ జీపు ఉంది. నెలకు రెండు మూడుసార్లు కోరాపుట్, పొట్టంగి మీదుగా సాలూరు వెళ్లొస్తుంటాం. సుంకి ఘాటీ ఎక్కి వచ్చిన రోజున బండి నిలిపిన చోట అరచేయంత నూనె మరక పడుతోంది. ఊళ్లో తిరిగిన రోజున అంత కారదు. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలని మెకానిక్ అంటున్నాడు. ఫోన్‌కు కలిపే ఓబీడీ స్కానర్ కొంటే లీకు ఎక్కడో తెలుస్తుందా సార్?
- ఒక పాఠకుడు, కోరాపుట్ జిల్లా

జవాబు: స్కానర్ కొనకండి. అది బండిలోని కంప్యూటర్ రాసి పెట్టుకున్న లోపాల కోడ్‌లను చదువుతుంది, అంతే. ప్యాకింగ్ సందులోంచి నూనె జారుతోందని చెప్పే సెన్సర్ మామూలు బండ్లలో ఉండదు. పైగా మన దేశంలో ఓబీడీ నిబంధన 2010లో భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణాలతో మొదలైంది. 2007 జీపులో ఆ సాకెట్టే ఉండకపోవచ్చు.

మీరు రాసిన ఒక మాట మాత్రం ఏ స్కానర్ కన్నా ఎక్కువ చెబుతోంది. ఘాటీ ఎక్కినప్పుడే ఎక్కువ కారుతోందన్నారు. చిన్న గేరులో చాలాసేపు లోడు మీద ఎక్కితే నూనె వేడెక్కి పలచబడుతుంది. సిలిండర్‌లో మండిన గ్యాస్ కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ చాంబర్ వైపు దిగుతుంది. అది బయటికి పోవడానికే బ్రీదర్ పైపు ఉంది. పాత బండ్లలో ఆ పైపు నల్లటి జిడ్డుతో పూడుకుపోతుంది. అప్పుడు లోపల ప్రెషర్ పెరిగి, ఏ సీల్ బలహీనంగా ఉంటే అక్కడినుంచి నూనెను బయటికి నెడుతుంది. ఈ స్థితిలో కొత్త సీల్ వేసినా కొన్నాళ్లకు అదీ కారుతుంది. అందుకే గేర్‌బాక్స్ మాట తర్వాత. ముందు బ్రీదర్ పైపు విప్పించి శుభ్రం చేయించండి. ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపులోంచి పొగ దట్టంగా తన్నుకొస్తుంటే రింగులు అరిగాయని అనుమానించాలి. అది సీల్‌తో తీరే పని కాదు.

తర్వాత, లీకు మొదలయ్యే చోటు పట్టుకోవాలి. చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు. నూనె కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. పైన టాపెట్ కవర్ ప్యాకింగ్ పోయినా చుక్క గేర్‌బాక్స్ కిందే పడొచ్చు. కాబట్టి ఇంజిన్ చల్లారాక డీజిల్, బ్రష్‌తో జిడ్డంతా కడిగించి, బాగా ఆరనివ్వండి. ఆల్టర్నేటర్ మీద, వైర్ల మీద నీళ్లు కొట్టనివ్వకండి. ఆరిన చోట్ల ఫేస్ పౌడర్ పలచగా చల్లి పది పదిహేను నిమిషాలు ఇంజిన్ నడపండి. ఏమీ కనబడకపోతే ఘాటీకి వెళ్లొచ్చి చూడండి. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు వైపు తడిసిన చోటే అసలు లీకు. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి, చక్రాల గుర్తు గీసి, పొద్దున్నే ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. వారం ఫోటోలు వరసగా చూపిస్తే మెకానిక్‌కు ఎంతో పని తగ్గుతుంది.

గ్యాడ్జెట్ కొనాలనే ఉంటే ఫోన్‌కు పెట్టుకునే ఎండోస్కోప్ కెమెరా కొనండి. సన్నటి తీగ చివర చిన్న కెమెరా, చుట్టూ లైట్లు ఉంటాయి. ఇంజిన్ వెనక, చేయి దూరని చోటు కూడా కనిపిస్తుంది. మీ ఫోన్‌లో ఓటీజీ (ఛార్జింగ్ సాకెట్‌కు బయటి పరికరాలు కలిపే సౌకర్యం) పనిచేస్తుందో లేదో ముందు చూసుకోండి. వంచితే వంచినట్టు నిలిచే తీగ ఉన్నదే తీసుకోండి, మెత్తటి తీగతో కెమెరాను ఒక చోట ఆపడం చాలా కష్టం. ఇంజిన్ ఆపి, చల్లారాకే లోపలికి పంపండి. అప్పటికీ దొరకకపోతే ఇంజిన్ ఆయిల్‌లో కలిపే యూవీ రంగు, యూవీ టార్చి ఉన్నాయి. రంగు కలిపి బండి నడిపాక చీకట్లో టార్చి వేస్తే లీకైన దారి మెరుస్తుంది. టార్చి కళ్లలోకి కొట్టకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా పాత వ్యాన్‌కూ ఇలాగే వెనక సీల్ అన్నారు. నమ్మి గేర్‌బాక్స్ దింపించాను. సీల్ మార్చిన వారానికి మళ్లీ మరక. చివరికి చూస్తే కారుతున్నది ఆయిల్ ప్రెషర్ స్విచ్, బొటనవేలంత వస్తువు. అరగంట పని. ఆ రెండు రోజుల కూలి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ స్విచ్, ఫిల్టర్ ప్యాకింగ్, కింద డ్రెయిన్ నట్టు వాషర్, టాపెట్ కవర్... ఇవన్నీ చూసి, కావని తేలాకే గేర్‌బాక్స్ దించనివ్వండి. దించక తప్పకపోతే, ఆ కూలిలోనే క్లచ్ ప్లేటు కూడా చూపించుకోండి. దానికి నూనె అంటితే ఎక్కుడులో క్లచ్ జారుతుంది.

ప్యాకింగ్ వేసేటప్పుడు సిలికాన్ పేస్టు ఎక్కువ పూయనివ్వకండి. లోపలికి పొంగిన ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కుంటే ఇంజిన్‌కే నూనె అందదు.

మరమ్మతు అయ్యేదాకా, ఘాటీకి బయలుదేరే ముందు చదును నేల మీద బండి నిలిపి, నూనె మట్టం చూపే గేజి పుల్ల తీసి చూడండి, డిక్కీలో ఒక లీటరు అదే గ్రేడు నూనె ఉంచుకోండి. దారిలో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఆ లైటు నూనె ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. వచ్చే ఊరిదాకా వెళ్దాం అనుకుంటే బేరింగులు పోతాయి.

ప్రశ్న: ఆయిల్‌లో పోస్తే లీకు ఆగిపోతుందనే సీసాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పనిచేస్తాయా? చిక్కటి నూనె పోస్తే సరిపోతుందా?
- బరంపురం

జవాబు: గట్టిపడిన రబ్బరు సీల్‌ను ఆ మందు కాస్త మెత్తబరిచి ఉబ్బిస్తుంది. కొద్దిగా చెమ్మగిల్లే లీకు కొంతకాలం తగ్గొచ్చు. చిరిగిన సీల్‌కు, పగిలిన ప్యాకింగ్‌కు పనికిరాదు. మాన్యువల్‌లో ఒకటికన్నా ఎక్కువ గ్రేడులు రాసి ఉంటే, వాటిలో చిక్కనిది వాడొచ్చు. అంతకు మించి చిక్కనిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే పైభాగాలకు నూనె ఆలస్యంగా చేరుతుంది. లీకవుతోంది కదా అని గేజిలో పై గీత దాటించి పోయడం కూడా తప్పే.

ప్రశ్న: బైక్‌లో ఆయిల్ తగ్గిందని ఇంట్లో మిగిలిన కారు ఆయిల్ పోశాను. ఇప్పుడు పికప్ లేదు.
- పర్లాకిమిడి

జవాబు: చాలా గేర్ల బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించడానికి కారు ఆయిల్‌లో కలిపే మందుల వల్ల ఆ ప్లేట్లు జారొచ్చు. మొత్తం తీయించి, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న నూనె, మాన్యువల్‌లోని గ్రేడులో పోయించండి. కొంత దూరం నడిపాక కూడా జారుతుంటే ప్లేట్లు విప్పి చూడాలి. తీసిన పాత నూనెను కాలవలో పారబోయకుండా డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చేయండి.