లుక్రీషియా మరణం: గీయడం ఆపేశారా, పూర్తి చేశారా?

ప్రశ్న: ప్రాచీన రోమన్ స్త్రీ ఒకామె కత్తితో పొడుచుకుని ఒరిగిపోతున్న దృశ్యాన్ని ఒక పుస్తకంలో చూశాను. చిత్రకారుడి పేరు ఎదువార్దో రోసాలెస్ అని ఉంది. ఆయన ఎవరు? ఆ చిత్రం అసంపూర్తిగా ఉందని విమర్శించారట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నిజమే. అంతటి చిత్రానికి అంతటి అన్యాయం జరిగిందంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. స్పానిష్ చిత్రకారుడైన రోసాలెస్ 1836లో మాద్రిద్‌లో పుట్టారు. శాన్ ఫెర్నాందో అకాడెమీలో ఫెదెరికో దె మద్రాసో దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. యవ్వనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, క్షయవ్యాధి సోకిన శరీరంతో, ఏ ప్రభుత్వ వేతనమూ చేతిలో లేకుండానే 1857లో ఇద్దరు మిత్రులతో కలిసి రోమ్‌కు బయలుదేరారు. స్పెయిన్ రాణి ఇసబెల్ మరణశయ్యపై నుంచి వీలునామా చెప్పి రాయిస్తున్న ఘట్టాన్ని అక్కడే దాదాపు 4 మీటర్ల వెడల్పున చిత్రించారు. అది 1864లో మాద్రిద్ జాతీయ చిత్రకళా ప్రదర్శనలో మొదటి పతకాన్ని, 1867లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో స్వర్ణ పతకాన్ని సాధించింది. ఫ్రాన్స్ ఆయనకు తన అత్యున్నత పురస్కారమైన లీజియన్ ఆఫ్ ఆనర్ కూడా ఇచ్చింది.

మీరు చూసిన 'లుక్రీషియా మరణం' 1871 జాతీయ ప్రదర్శనకు వచ్చింది. కథ రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పినదే. రాజకుమారుడు సెక్స్‌టస్ టార్క్వినియస్ తనను బలాత్కరించాడని తండ్రికీ భర్తకూ చెప్పి, ప్రతీకారం తీర్చుకుంటామని వారి చేత మాట తీసుకుని, లుక్రీషియా కత్తితో పొడుచుకుంటుంది. భర్తతో పాటు వచ్చిన బ్రూటస్ ఆ కత్తిని పైకెత్తి, రాజవంశాన్ని రోమ్ నుంచి తరిమేస్తానని ప్రమాణం చేస్తాడు. రోసాలెస్ ఆమె వాలిపోయే క్షణాన్నీ, ఆ ప్రమాణాన్నీ ఒకే చోట పట్టుకున్నారు.

ఈ చిత్రానికీ మొదటి పతకమే దక్కింది, కానీ విమర్శకులు మాత్రం దీన్ని పెద్ద గుడ్డ మీద వేసిన చిత్తుప్రతిగా చూశారు. దుస్తుల మడతల్లో వెడల్పాటి కుంచె జాడలు అలాగే కనిపిస్తాయి, నున్నగా రుద్దిన చోటు చాలా తక్కువ. దగ్గరికి వెళితే రంగు ముద్దలుగానే ఉండేది, నాలుగు అడుగులు వెనక్కి వేయగానే బరువుగా వాలిన చెయ్యిగా, ముడుచుకున్న వస్త్రంగా మారిపోతుంది. 17వ శతాబ్దపు స్పానిష్ చిత్రకారుడు వెలాస్కెస్ చిత్రాలను శ్రద్ధగా చదివిన చేతికే ఆ ధైర్యం వస్తుందని నా అభిప్రాయం. చిత్రానికి తుది మెరుగులు దిద్ది ఉండకపోవచ్చు గానీ, చెయ్యాల్సిందంతా అందులో అయిపోయిందని రోసాలెస్ బదులిచ్చినట్లు చెబుతారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ఆ తర్వాత ఆయనకు మిగిలింది రెండేళ్లే. రోమ్‌లో కొత్తగా నెలకొల్పిన స్పానిష్ అకాడెమీకి తొలి డైరెక్టరుగా ఎంపికైనా, ఆ బాధ్యత చేపట్టకముందే 1873 సెప్టెంబరులో, 36 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ప్రశ్న: రోమన్ కథను తీసుకున్నంత మాత్రాన రోసాలెస్ 'లుక్రీషియా మరణం' నియోక్లాసికల్ (ప్రాచీన గ్రీకు, రోమన్ కళను ఆదర్శంగా తీసుకున్న) చిత్రమవుతుందా? నాకు అందులో రొమాంటిక్ (భావోద్వేగానికి పెద్దపీట వేసే) ఆవేశమే ఎక్కువగా కనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కాదు, మీ గమనిక సరైనదే. రోసాలెస్ గురువు ఫెదెరికో తండ్రి హోసె దె మద్రాసో పారిస్‌లో నియోక్లాసికల్ చిత్రకారుడు దావీద్ శిష్యుడు. రోమన్లను ఎదిరించిన నాయకుడు విరియాతో గురించి హోసె రోమ్‌లో చిత్రించిన 'విరియాతో మరణం' దీని పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ మనుషులు రాతిపై చెక్కిన శిల్పాల్లా వరుసగా నిలబడి, గీత గీసినట్టు స్పష్టమైన అంచులతో దుఃఖిస్తారు. రోసాలెస్ చిత్రంలో ఆ అంచులు కరిగిపోతాయి, శరీరాలకు బరువు వస్తుంది. అయితే దీన్ని రొమాంటిక్ అని మాత్రమే పిలవడం కూడా నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆవేశమంతా బ్రూటస్ ఎత్తిన చేతిలో ఉండగా, లుక్రీషియాను పట్టుకున్నవారిని రోసాలెస్ చూసింది వాస్తవికవాది కంటితోనే. రెండు చిత్రాలూ మాద్రిద్‌లోని ప్రాదో మ్యూజియంలోనే ఉన్నాయి. వీలైతే రెండింటి పెద్ద ముద్రణలను పక్కపక్కన పెట్టుకుని, మొదట చేతులను మాత్రమే పోల్చి చూడండి.